సూదితో తల్లిని చేయబోయాను

పశువైద్య కళాశాలలో ఆక్సిటోసిన్ మీద ప్రశ్న వచ్చిందంటే నాకు పండగే. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మెదడు అడుగున హైపోథాలమస్‌లో తయారవుతుంది, పిట్యూటరీ వెనక భాగం నుంచి రక్తంలోకి దిగుతుంది. కాన్పులో గర్భసంచిని బిగిస్తుంది, ఆ తర్వాత పొదుగులో పాలు దించుతుంది. పిట్యూటరీ సారం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని 1906లో హెన్రీ డేల్ గమనించడం, 1953లో విన్సెంట్ డు విన్యో ఆ హార్మోన్‌ను ప్రయోగశాలలో కూర్చడం, 1955లో ఆయనకు నోబెల్ రావడం అన్నీ కంఠతా వచ్చు. తల్లి గొర్రెల మీద, ఎలుకల మీద జరిగిన పరిశోధనల సంగతి మాత్రం పాఠంలో చివరి పేజీలో ఉండేది. మార్కులు రావని వదిలేశాను.

కృష్ణా డెల్టాలో నా మొదటి ఉద్యోగం. అక్కడ ఒక పెద్దావిడ గేదె తొలిచూలుది. రాత్రి పొద్దుపోయాక ఈనడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. దూడ ముందు కాళ్ళకు తాడు వేసి, నొప్పి వచ్చినప్పుడల్లా లాగి బయటికి తీశాం. పెయ్య దూడ. ఊపిరి సరిగా అందడం లేదు. ముక్కులో జిగురు తీసి, వేణ్నీళ్ళతో కడిగించి, గోనెసంచితో ఒళ్ళంతా తుడిపించి పక్క చావిట్లో ఎండుగడ్డి మీద పడుకోబెట్టించాను. "ఒక్కసారి దాన్ని నాకనియ్యండి బాబూ" అని ఆవిడ రెండు మూడుసార్లు అంది. "నాకడానికి ఇంకేముందమ్మా, మనం శుభ్రంగా తుడిచేశాం కదా" అన్నాను. ఆవిడ మొహం చూసి నాకు నవ్వొచ్చింది కూడా.

జున్నుపాలు వెంటనే పితికించి సీసాతో పట్టించాను. ఆ పని మాత్రం సరైనదే. గేదె, ఆవు మాయ గుండా దూడకు రోగనిరోధక ప్రోటీన్లు అందవు. అవి జున్నుపాలలోనే దొరకాలి, అదీ మొదటి రోజు దాటితే దూడ పేగు వాటిని ఇముడ్చుకోలేదు. దూడ బతికింది. లేచి నిలబడ్డాక తీసుకెళ్ళి తల్లి ముందు నిలబెడితే గేదె ఒకసారి వాసన చూసింది. ముక్కు చీదింది. మూతితో పొడిచి పక్కకు నెట్టింది. పొదుగు దగ్గరికి వెళితే తన్నింది.

నేను వదిలేసిన పేజీలో ఏముందో ఆ తర్వాత చదివాను. మామూలు రోజుల్లో గొర్రెకు ఉమ్మనీటి వాసన గిట్టదు, దూరంగా జరుగుతుంది. ఈనే వేళకు అదే వాసన మీద పడి నాకుతుంది. ఈస్ట్రోజెన్ పెరిగి, ప్రొజెస్టిరాన్ పడిపోయి శరీరం సిద్ధంగా ఉన్న ఆ సమయంలో పిల్ల జననమార్గాన్ని సాగదీస్తూ బయటికొస్తుంది. ఆ ఒత్తిడి కబురు వెన్నుపాము గుండా మెదడుకు చేరి అక్కడ ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. ఆ ఒత్తిడిని చేత్తో కల్పిస్తే గొర్రె పరాయి పిల్లను కూడా దగ్గరికి రానిస్తుందని 1983లో కెవర్న్, ఆయన సహచరులు చూపించారు. ఆ వేళప్పుడే వాసనను గుర్తించే మెదడు భాగం తన పిల్ల వాసనను పట్టేసుకుంటుంది. మొదటి కొద్ది గంటలే దానికి గడువు. 1987లో లెవీ, పోయిండ్రాన్ అనే ఇద్దరు అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను కడిగి తల్లులకిచ్చారు. ఇదివరకు ఈనిన గొర్రెలు ఎలాగోలా సర్దుకున్నాయి, తొలిచూలు గొర్రెలు చాలా ఇబ్బంది పెట్టాయి.

తొలిచూలు గేదె, కడిగిన దూడ, పక్క చావిడి. గడువు ఎలా దాటించాలో నన్నడిగితే అంతకంటే పక్కాగా ప్లాన్ వేయలేకపోయేవాణ్ణి.

ఇక్కడితో ఆగినా బాగుండేది. గేదె పాలు ఎగబట్టేసింది. పొదుగు రాయిలా ఉంది, చెంబులో అడుగు తడవడం లేదు. ఆవు పాలల్లో దాదాపు ఐదో వంతు పొదుగు అడుగున గదిలో ముందే చేరి ఉంటుంది. గేదెకు అక్కడ ఉండేది 5 శాతం మాత్రమే. మిగతా అంతా పైన సన్నని బుడగల్లాంటి కణాల గుత్తుల్లో ఉండిపోతుంది. ఆక్సిటోసిన్ వచ్చి ఆ గుత్తుల చుట్టూ ఉన్న కండర కణాలను పిండితే తప్ప కిందికి రాదు. అందుకే గేదెను చేపుకు తేవడానికి దూడను కాసేపు విడుస్తారు. ఇక్కడ దూడను చూస్తేనే తంతోంది కదా. నా దగ్గర సీసా ఉంది. సూది వేశాను.

నిమిషం తిరగకుండా చన్నుల చివర పాల చుక్కలు నిలిచాయి. ఆవిడ పితుకుతుంటే బకెట్‌లో నురగ పొంగింది. హార్మోన్ వచ్చింది, పాలొచ్చాయి, మాతృత్వం కూడా వస్తుంది అని లెక్క వేసుకున్నాను. "దూడను పట్టుకురండి" అన్నాను గొప్పగా. గేదె వెనక్కి తిరిగి చూసింది, మళ్ళీ తన్నింది. తన్నుతుంటే చన్నుల్లోంచి పాలు కారుతూనే ఉన్నాయి.

కండకు వేసిన ఆక్సిటోసిన్ మెదడులోకి దాదాపు పోదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే గోడ దాన్ని ఆపుతుంది. 1979లో పెడర్సన్, ప్రాంజ్ ఎప్పుడూ ఈనని ఆడ ఎలుకలను తల్లుల్లా ప్రవర్తింపజేసింది మెదడు లోపలి గదుల్లోకి నేరుగా ఇచ్చి. నా సూది పొదుగును లొంగదీసింది, గేదె మనసును తాకనే లేదు.

పైగా అలవాటైంది. బయటి నుంచి ఇస్తూ పోతే సూది లేని రోజున పశువు తనంతట తాను సరిగా చేపదు. ఆ గేదె అలాగే తయారైంది. రెండు పూటలా సూది. ఇరుగుపొరుగు వచ్చి "మాకూ ఆ మందు రాసివ్వండి" అనడం మొదలుపెట్టారు. దేశమంతటా ఈ దుర్వినియోగం ఎంత ముదిరిందంటే, 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దేశీయ అవసరాలకు ఆక్సిటోసిన్ తయారుచేయకూడదంది. కాన్పు తర్వాత రక్తస్రావంతో పోయే ఆడవాళ్ళను బతికించే మందుకు కొరత వస్తుందని కోర్టుకు వెళితే, ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది డిసెంబరులోనే ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఇంజెక్షన్ పాలు తాగితే ఆడపిల్లలు త్వరగా ఈడేరుతారన్న భయం మాత్రం నిలబడేది కాదు. అది కడుపులో జీర్ణమైపోయే ప్రోటీను ముక్క. నష్టమంతా పశువుకే.

ఆవిడ చివరికి నా మందు పక్కన పెట్టింది. దూడ వీపు మీద తవుడు, ఉప్పు కలిపి చల్లింది. గేదెకూ దూడకూ మధ్య వెదురు కర్ర అడ్డం కట్టి, మూతి అందేలా, కాలు అందకుండా నిలబెట్టింది. గేదె ఉప్పు కోసం నాకింది. ఉప్పు అయిపోయాక కూడా కాసేపు నాకడం నేనే చూశాను. పూటపూటా అదే పని. రోజులు గడిచాక కర్ర తీసేసింది. మొదట ఒక చన్ను ఇచ్చింది, అదీ అయిష్టంగానే.

దీనికీ శాస్త్రంలో చోటుంది. ఈనని ఆడ ఎలుకల దగ్గర వరసగా రోజుల తరబడి పిల్లలను ఉంచితే, ఏ హార్మోన్ ఇవ్వకుండానే దాదాపు వారానికి అవి పిల్లలను నోటితో పట్టి గూటికి చేర్చడం, నాకడం మొదలుపెడతాయని 1967లో జే రోజెన్‌బ్లాట్ రాశాడు. మరుసటి ఏడాదే ఆయనా, జోసెఫ్ టెర్కెలూ అప్పుడే ఈనిన ఎలుక రక్తరసాన్ని ఈననిదానికి ఎక్కిస్తే ఆ ఆలస్యం బాగా తగ్గిందన్నారు. అంటే రక్తంలోని హార్మోన్లు పని తొందరపెడతాయి, కానీ అవి లేకపోయినా సహవాసం అక్కడికి చేర్చగలదు. ఇక ఆక్సిటోసిన్‌ను ప్రేమ హార్మోన్ అని వారపత్రికలు రాయడానికి ఊపునిచ్చిన ప్రెయిరీ వోల్ అనే అమెరికా ఎలుక జాతిలో, ఆ హార్మోన్ అతుక్కునే గ్రాహకాన్ని జన్యువుల్లోనే తీసేసినా జంట కట్టాయని, పిల్లలను సాకాయని 2023లో తేలింది. ఒక హార్మోన్‌కు ఒక గుణం అంటగట్టి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకిప్పుడు చిరాకు. నేనూ అలా మాట్లాడినవాణ్ణే కాబట్టి ఆ చిరాకు కాస్త ఎక్కువే.

ఇంకొకటి మిగిలింది. ఆవులు చేపుకు వచ్చే వేళ పక్కన కాగితం సంచులు పేల్చి భయపెడితే పాలు ఆగిపోతాయని 1941లో ఈలీ, పీటర్సన్ చూపించారు. భయంలో విడుదలయ్యే అడ్రినలిన్ పాలు దిగనివ్వదు. నా మోటారుసైకిలు చప్పుడు వినబడితే చాలు, ఆ గేదె చెవులు నిక్కించి పొదుగు బిగించేదట. దూడ తాగడం మొదలయ్యాక సంబరంగా చూడ్డానికి వెళ్ళబోతే ఆవిడ వీధిలోనే ఆపింది. "మీరు మంచోరే డాక్టరుగారూ, కాదనను. పాలు పితికే వేళకు మాత్రం ఇటు రాకండి."