బొమ్మను సరిదిద్దుట

వార్షిక సంచికకు ఏదేని వ్రాయుడని విద్యార్థి సంపాదకులు మమ్ము కోరినప్పుడు, కంప్యూటరులో బొమ్మల ఆకృతులను మార్చు విద్యను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చితిమి. ఆ విద్యలో మేము పండితులము కాము. మేము చదివిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నల్లబల్లపై సుద్దతో చెట్టును, ఇంటిని, ఆవును గీయుట నేర్పిరి గాని, గీసిన ఆవును నడిపించుట నేర్పలేదు. అది ఎల్లారెడ్డిపేటకు వచ్చిన తరువాత పిల్లలతోపాటు నేర్చుకొంటిమి. అందు ఒక తప్పును గూడ చేసితిమి.

2018లో తొమ్మిదవ తరగతి పిల్లలు, "ఛోటా భీము ఎట్ల ఉరుకుతడు సార్?" అని అడుగుటతో ఇది మొదలయ్యెను. ఆ భీముడు 2008లో టెలివిజనుకు వచ్చెననియు, అతనిని పుట్టించిన గ్రీన్ గోల్డ్ ఆనిమేషన్ సంస్థ మన హైదరాబాదుదే యనియు చెప్పగా పిల్లలు నమ్మలేదు. మా కంప్యూటరు గదిలో ఫ్లాష్ అను సాధనము యొక్క పాత ప్రతి యొకటి యుండెను. ఇది 1996లో వేరొక పేరుతో పుట్టి, మాక్రోమీడియా చేతికి, 2005లో అడోబీ చేతికి పోయి, 2016లో ఆనిమేట్ అని పేరు మార్చుకొనెను. పేర్లు మారినను బొమ్మను మార్చు పద్ధతి మారలేదు.

బొమ్మ రూపును మార్చుటకు గీతనే పట్టి లాగవచ్చును. బాణపుగుర్తును గీత దగ్గరకు తెచ్చినచో దాని ప్రక్క చిన్న వంపు కనబడును. అప్పుడు మౌసు నొక్కి లాగిన, తిన్నని గీత విల్లువలె వంగును. లేదా బొమ్మ చుట్టు చట్రము వేయవచ్చును. చట్రమునకు ఎనిమిది నల్లని పిడులుండును. మూల పిడిని లాగిన బొమ్మ పెరుగును, తగ్గును. షిఫ్టు మీటను అదిమిపట్టనిచో సన్నని మనిషి గుమ్మడికాయ యగుటయు కలదు. మూలకు కొంచెము వెలుపల పట్టిన తిరుగును. రెండు పిడుల నడుమ అంచును లాగిన, గాలికి ఒరిగిన జొన్నచేనువలె వాలును.

పిల్లలు తడబడునది నడుమనున్న తెల్లని చుక్క వద్ద. బొమ్మ ఆ చుక్క చుట్టే తిరుగును. చేయిని గీసి త్రిప్పినచో, చుక్క మోచేతి దగ్గర నుండుటచే చేయి గాలిమరవలె గిరగిర తిరిగి భుజమును విడిచిపోవును. చుక్కను భుజముపైకి జరిపినగాని చేయి చేయిగా ఆడదు. తోలుబొమ్మలవారు భుజమువద్ద దారము ముడివేయుట యిందుకే యని చెప్పితిమి. "అయితే చుక్క అంటె ముడే గద సార్" అని వెనుకబల్ల బాలుడొకడనెను. నాటినుండి మా గదిలో దాని పేరు ముడియే.

ఇక అచ్చు సంగతి. గీసిన బొమ్మను అచ్చుగా దాచుకొని, దాని ప్రతులను కావలసినన్ని చోట్ల పెట్టుకొనవచ్చును. ప్రతిని పెంచినను త్రిప్పినను ఆ ప్రతియే మారును. కాని ప్రతిపై రెండుమారులు నొక్కినచో సాధనము మనలను అచ్చులోనికి కొనిపోవును. అక్కడ ఒక్క గీత మార్చిన, ప్రతులన్నియు మారును. ఇది మేమే పాఠముగా చెప్పియుంటిమి.

ఆ తరగతిలో ఒక బాలిక యుండెను. ఆమె తండ్రి సిరిసిల్లలో సాంచాలు నడుపు కార్మికుడు. సెలవుదినమున ఆమె సాంచ ప్రక్కన కూర్చుండి, తెగిన పోగును అతుకుచున్న తండ్రిని పెన్సిలుతో గీసికొనివచ్చి, కంప్యూటరులో మౌసుతో మరల గీసెను. పాఠశాల ఉత్సవమున చూపుటకు అర నిమిషపు బొమ్మలాట చేయుట ఆమె సంకల్పము. నాడె అటునిటు పోవును, పోగు తెగును, సాంచ ఆగును, చేయి సాగును. ఇంతే కథ.

ఉత్సవము దగ్గరపడగా ఒక సాయంకాలము మేమొక్కరమే కూర్చుండి పిల్లల పనిని చూచితిమి. ఆ తండ్రి బొమ్మ వెన్ను మరీ వంగి, ఒక భుజము దిగి, మా కంటికి తప్పుగా తోచెను. ఇరువదేండ్లుగా ఎర్ర పెన్సిలు పట్టిన చేయి ఊరకుండునా? రెండుమారులు నొక్కి, వెన్నుగీతను పట్టి లాగి, నిటారుగా నిలిపి, భుజములు సమము చేసి, భద్రపరచి మూసితిమి. మరునాడు బాలిక తెరచి చూచెను. అన్ని ప్రతులును నిటారుగా నిలిచి యుండెను.

"గిది మా బాపు గాదు సార్" అనెను. కోపము లేదు. ఎవరో తెలియని మనిషి ఇంటిలోనికి వచ్చినట్లు చూచినది.

చేసిన పనిని వెనుకకు మరలించు మీట యున్నది గాని, మూసి మరల తెరచిన పిదప నిన్నటి పని దానికి తెలియదు. అచ్చునకు మారుప్రతి తీసి దానిపై మార్చియుండినచో మొదటిది నిలిచెడిది, మేమట్లు చేయలేదు. పెన్సిలు కాగితము తెమ్మనగా, "బాపు తీస్కపోయిండు సార్, భీవండికి" అనెను. సిరిసిల్లలో పని తగ్గి అతడు అంతకు వారము ముందే బయలుదేరెనట. పోవునప్పుడు ఆ కాగితమును మడచి చొక్కాజేబులో పెట్టుకొనెనట. ఎదుట కూర్చుండి మరల గీయుటకు మనిషి ఊరిలో లేడు. వెన్నును మరల వంచి యిత్తుమంటిమి. ఆమె వలదనెను. ఎంత వంచవలెనో మాకేమి తెలియును?

క్షమింపుమని ఆ బిడ్డను అడిగితిమి. తరగతి యెదుట అడిగితిమి, ఏలయన తప్పు పాఠములోనిది.

తండ్రికి ఫోను చేయగా, అతడు తోటికార్మికుని ఫోనులో ఆ కాగితపు ఫోటో తీయించి పంపెను. అది ఏటవాలుగా వచ్చినది, నాలుగు మడతల గీతలున్నవి. చట్రము వేసి త్రిప్పి దానిని తిన్నగా నిలిపి, క్రింది పొరలో పెట్టి, బాలిక పైపొరలో మరల గీసెను. మూడు సాయంకాలములు పట్టెను. ఒకచోట మడతగీతను వెన్నుగీత యనుకొని మేము వేలు చూపితిమి. ఆమె తల యడ్డముగా ఊపి ప్రక్కగీతను చూపెను.

ఉత్సవమున ఆ ఆట అందరును చూచిరి. వీడియోగా చేసి తండ్రికి పంపితిమి. (2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరునకు మద్దతు ముగిసినను, వీడియోగా చేయుటచే అది మా యొద్ద నిలిచినది.) మరునాడు అతని జవాబు వచ్చెను: బాగున్నది గాని, పోగు అతికేటప్పుడు ఎడమచేయి ముందు పోవాలె, బిడ్డ కుడిచేయి పెట్టింది.

మధ్యాహ్నపు విరామములో ఆమె వచ్చి కంప్యూటరు తెరచి, అచ్చునకు ముందుగా మారుప్రతి తీసికొని, చేతిని మార్చి, ముడిని ఎడమ భుజముపైకి జరిపెను. మేము వెనుక నిలిచి చూచితిమి గాని, మౌసును ముట్టలేదు.