పేరంటపల్లి రేవున నిలిచిన లాంచి

గోదావరిపై పాపికొండలకు పోవువారు పేరంటపల్లిలో దిగి శివదర్శనము చేయక మరలరు. మొన్న మాఘమాసమున మేమును పోయితిమి. మెట్లెక్కి, కొండవాగు నీట కాళ్లు కడిగికొని, స్వామిని సేవించి వచ్చుసరికి అరగంట పట్టెను. ఉదయమున ఒక్క తిప్పుతో మేలుకొనిన మా లాంచి యింజను అప్పు డెంత తిప్పినను పలుకదాయెను.

ప్రొద్దు కొండచాటునకు జారుచుండెను. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరుకడ పడవ మునిగి పలువురు మరణించిన సంగతి యెవరో యెత్తిరి. నా పక్కనున్న ముదుసలి మనుమరాలిని ఒడిలోనికి లాగికొనెను.

సరంగు మాత్రము తొందరపడలేదు. ఇంజను చుఱుకుగానే తిరుగుచున్నది గనుక బ్యాటరీ దోషము కాదనెను. నూనెగొట్టపు మర సడలించి చేతిమీటను ఆడించెను. బుడగలు లేని డీజిలు వచ్చెను గనుక గాలి చొరలేదనెను. పిమ్మట నన్ను చూచి, "తడిగుడ్డ ఏదైనా ఉందా అమ్మగారూ?" అని అడిగెను. నా తువాలు ఇచ్చితిని. దానిని నీట ముంచి పంపునకు చుట్టి, పలుమారు తడుపుచు కూర్చుండెను.

"ప్రొద్దున లేని రోగ మిప్పుడేల నాయనా?" అంటిని.

"చల్లగా ఉంటే బాగానే లేస్తుందమ్మా. వేడిమీద ఆపితేనే మొరాయిస్తుంది. పంపు అరిగింది."

అతడు చెప్పినది నాకు బోధపడినంతవఱకు ఇది. డీజిలు యింజనుకు నిప్పురవ్వ లేదు. లోపలి గాలిని అదిమి కాగజేసి, అందులోనికి నూనెను మిక్కిలి బలముగా చిమ్మవలెను. చిమ్మునది పంపు, మన చిమ్మనగ్రోవి వంటిదే. చిమ్మనగ్రోవిలో గుడ్డ వదులైనచో నీరు మన చేతిమీదికే వెనుదిరుగును గదా! నడుచునంతసేపు నదీజలము ఇంజను వేడిని కొనిపోవును. ఆపగానే ఆ నీరు నిలిచి, ఇనుములోని వేడి పంపునకు ప్రాకును. కాగిన నేయివలె నూనె పలుచనై అరిగిన సందులనుండి జారిపోవును. పంపు చల్లబడినచో నూనె కొంత చిక్కబడి మరల చిమ్మబడును. కాగిన యింజను ఒడలిపై మాత్రము చన్నీళ్లు కుమ్మరింపరాదట, ఇనుము పగులును. పెట్రోలు పడవలందు మొదట పెట్టెమూత తెఱచి ఆవిరిని పోనీయక మీట ముట్టరాదట, అంటుకొనును. వంటింట గ్యాసు వాసన తగిలినప్పుడు మనము పాటించునది యిదియే.

పావుగంటకు ఇంజను రెండు దగ్గులు దగ్గి లేచెను. ముదుసలి గోదావరికి చేతులు మొగిడ్చెను. మా వారు సరంగునకు మొగిడ్చిరి. రేవు చేరగానే పంపు విప్పింతునని అతడు చెప్పెను. నా తువాలు దిగువదాక ఇంజనుపెట్టెపైననే ఆరుచుండెను.