నానమ్మ చామనఛాయ చెరిగిపోకుండా...

పొద్దువాలే వేళ శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడికి వెళ్లినవాళ్లు ఫొటో తీసుకోకుండా వెనక్కి రారు. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన ఆలయం, ఎత్తైన రాజగోపురం, పక్కనే రంగసముద్రం చెరువు... చూడటానికి ఎంత అందమో ఫొటోకి అంత చిక్కు. ఆకాశం, నీళ్లు వెలిగిపోతుంటాయి. గోపురం, దాని ముందు నిలబడ్డ మనవాళ్లు నీడలో ఉంటారు. కంటికి రెండూ కనిపిస్తాయి. కెమెరాకి మాత్రం ఒకటి కుదిరితే రెండోది కుదరదు.

అప్పుడేం చేస్తాం? కంప్యూటర్లోనో సెల్‌ఫోన్లోనో వెలుగు పెంచుతాం. మొహాలు తేటపడతాయి. ఆకాశం మాత్రం సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది. పర్లేదనుకుని అదే ఫొటో మీద సేవ్ చేసేస్తాం. ఇబ్బందంతా అక్కడే! మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకి 256 మెట్లుంటాయి. వెలుగు బాగా పెంచితే పైమెట్ల మీదున్న మబ్బులన్నీ చిట్టచివరి మెట్టుకి చేరి ఒకే తెలుపైపోతాయి. తర్వాత ఎంత తగ్గించినా ఆ తెలుపు బూడిదరంగుకి మారుతుందే తప్ప మబ్బులు తిరిగిరావు.

ఈ బాధ లేని దారి ఒకటుంది. 1996లో ఫొటోషాప్ నాలుగో వెర్షన్‌తో 'అడ్జస్ట్‌మెంట్ లేయర్లు' వచ్చాయి. ఫొటో మీద రంగుటద్దం పెట్టి చూడటంలాంటిదన్నమాట. అద్దం తీసేస్తే కింద ఫొటో ఎప్పట్లానే ఉంటుంది. దానికి 'మాస్క్' తొడిగితే గోపురానికి మాత్రమే వెలుగిచ్చి ఆకాశాన్ని ముట్టుకోకుండా వదిలేయొచ్చు. 2007లో వచ్చిన లైట్‌రూమ్ అయితే అసలు ఫొటో జోలికే పోదు. నీడలు ఇంత పెంచు, వెలుగు ఇంత తగ్గించు అన్న సూచనల్ని విడిగా రాసిపెట్టుకుంటుంది.

ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టిందేమీ కాదు. ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో ఫొటో అంటే గాజుపలక మీది నెగెటివ్. కాగితం మీద వేసేటప్పుడు వెలుతురు ఎంతసేపు తగలనిస్తే అంత ముదురుగా వచ్చేది. ఒక ప్రింటు నచ్చకపోతే మరొకటి వేసుకునేవారు. పలక పలకలాగే ఉండేది. అలాంటి 2,857 పలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి భద్రంగా ఉన్నాయి.

మరి మన ఇళ్లలో? పెళ్లి ఆల్బమ్ తయారయ్యేచోట తరచూ వినిపించే మాట... "అన్నా, పిల్లను జర తెల్లగ చెయ్యవా?" అన్న కాదనడు. చామనఛాయ పెళ్లికూతురు పాలమీగడ రంగులోకి వచ్చేస్తుంది. ఆ రోజుకి అందరికీ సంతోషమే. రెండు తరాలు గడిచాక మనవరాలు ఆ ఆల్బమ్ తెరిచి, తన రంగు ఎవరి పోలికో అని వెతికితే? తనలాంటి రంగు ఆ ఇంట్లో ఎవరికీ లేదనుకుంటుంది. మబ్బులు పోతే సరిపెట్టుకోవచ్చు. మనిషి పోలికే పోతే?

మెరుగులు దిద్దొద్దని కాదు. నీడలోని మొహానికి కాస్త వెలుగిస్తే తప్పేంలేదు. దిద్దింది విడిగా ఉండాలంతే. ఇంట్లో అయితే ముందు కాపీ తీసుకుని దానిమీదే దిద్దుకోవాలి. స్టూడియోవాళ్లని ఆల్బమ్‌తోపాటు దిద్దని ఫొటోలూ అడిగి తీసుకోవాలి. తెల్లగా కనిపించాలన్నది ఇవాళ్టి ముచ్చట. రేపటివాళ్లకి కావాల్సింది నానమ్మ అసలు మొహం.