పొయ్యిలోకి పోని ముక్క

ఏటికొప్పాకలో ఓ పెద్దాయన లేతు మిషను పక్కన ఎప్పుడూ ఓ గోనెసంచి ఉంటుంది. నిండా అంకుడు కర్ర ముక్కలే. బొమ్మకు చాలని కొసలు, వంకరవి, ముడి పడ్డవి. పొయ్యిలో వేస్తానని కొడుకంటే, 'ఉండరా, చూద్దాం' అంటాడాయన.

బొటనవేలంత ముక్కయితే పూసలు. గుప్పెడుంటే బొంగరం. ఇంకాస్త లావుంటే కుంకుమ భరిణె. లోపల పగులుంటే మాత్రం ప్రమాదం, తిరుగుతూనే చిట్లి మొహం మీదికొస్తుంది. అందుకే ముందు వేలితో తట్టి వింటాడు. బొంగురుగా పలికిందా, పక్కన పెట్టేస్తాడు. రంగు వేయడం చూసి తీరాలి. గిర్రున తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుపు!

బొంగరానికొచ్చే డబ్బు చూస్తే ఇంత శ్రమ గిట్టదు, నిజమే. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు పెరిగింది. అంకుడు కర్ర దొరకడమే కష్టమైంది. ముక్క పారేయాలంటే ఆయనకు చేతులు రావు.

మొన్నో సాయంత్రం కొడుకే సంచిలో చెయ్యిపెట్టి ఓ ముక్క తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. పెద్దాయన ఏమీ అనలేదు. మిషను ముందు నుంచి కాస్త పక్కకు జరిగాడు.