హిమగర్భంలో గోండువనం



మా ఆర్మూరు పసుపు రైతు ఆకు కోసిన తరువాతనే తవ్వకం మొదలుపెడతాడు. అంతకు ముందు ఊట ఎలా ఉన్నదో తెలుసుకోవాలంటే ఒక దుబ్బు పెకలించి చూడవలసిందే. పైనున్న పచ్చదనాన్ని చూసి అడుగునున్న కొమ్ము బరువు చెప్పగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అంటార్కిటికా శాస్త్రజ్ఞులకు ఆ ఒక్క దుబ్బు పెకలించే అవకాశం కూడా బహు అరుదు. ఆ ఖండంలో నూటికి 98 పాళ్ళు మంచే. దాని మందం సగటున 2 కిలోమీటర్లు, కొన్నిచోట్ల 4 కిలోమీటర్లకు పైమాటే. అందుచేత విమానం నుండి రేడియో తరంగాలను కిందికి పంపుతారు. అవి మంచును దాటిపోయి అడుగు రాతిని తాకి వెనుదిరుగుతాయి. రాకపోకలకు పట్టిన కాలాన్నిబట్టి లోతు లెక్కకడతారు. బోరు వేయబోయే ముందు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టే మా ఊరి పద్ధతికన్నా ఇది నమ్మదగినదేనని ఒప్పుకోవాలి.

అలా చూడగా కనబడినవి సామాన్యమైనవి కావు. 1958లో సోవియట్ యాత్రికులు మంచు కింద ఒక పర్వతశ్రేణినే కనుగొన్నారు. గంబుర్త్‌సెవ్ పర్వతాలని పేరు పెట్టారు. శిఖరాలు సుమారు 3,000 మీటర్ల ఎత్తున్నా ఒక్కటీ మంచు పైకి తల ఎత్తదు. వోస్తోక్ అనే సరస్సు ఇంచుమించు 250 కిలోమీటర్ల పొడవు. దాదాపు 4 కిలోమీటర్ల మంచు కింద నీరు నీరుగానే ఉన్నది. భూమి లోపలి వేడి, పైనున్న బరువు కలిసి దానిని గడ్డకట్టనీయవు. 2012 ఫిబ్రవరిలో రష్యన్ల బరమా ఆ నీటిని తాకింది. ఇటువంటి సరస్సులు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. మంచు అడుగున ప్రవహించే ఏర్లూ ఉన్నాయి. ఈ ఏరు అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

తెలుగు పండితుడికి ఈ రాళ్ళూ మంచూ ఎందుకని మీరడగవచ్చు. నన్ను లాగినది ఒక పేరు. ఆ ఖండమూ, మన దేశమూ, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఒకప్పుడు ఒకే భూభాగం. 1885లో ఎడ్వర్డ్ సూయెస్ అనే ఆస్ట్రియా పండితుడు దానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టాడు. అంతకు ముందే 1872లో మెడ్లికాట్ మన దేశపు రాతిపొరలకు గోండ్వానా అన్న పేరు వాడాడు. గోండులు ఉండే వనం గోండ్వానా. దానికి మళ్ళీ ల్యాండ్ తగిలించడం పునరుక్తి దోషమే! మా పోచంపాడు దగ్గర గోదావరి దాటితే నిర్మల్, ఆపైన ఆదిలాబాదు అడవులు. అక్కడి మనుషుల పేరు ప్రపంచమంతటి పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది.

ఆ కలయికకు సాక్ష్యం ఏమిటంటే, మన బొగ్గు. 1912లో దక్షిణ ధ్రువం నుండి తిరిగివస్తూ స్కాట్ బృందం మంచులో ప్రాణాలు విడిచింది. తిండి, ఓపిక రెండూ అడుగంటినా వారు దాదాపు 16 కిలోల రాళ్ళను బండి మీద నుండి దింపలేదు. ఆ రాళ్ళలో గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. సింగరేణి బొగ్గుపొరలలో దొరికేవీ ఆ జాతి ఆకులే. ధ్రువ ఖండంలో ఒకప్పుడు అడవి ఉన్నదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకా దగ్గరి చుట్టరికం తూర్పు కనుమలది. సుమారు వంద కోట్ల సంవత్సరాల నాడు ఆ కనుమలూ తూర్పు అంటార్కిటికా అంచూ ఒకే పర్వతపంక్తిగా అతుక్కున్నాయనీ, 13 కోట్ల సంవత్సరాల క్రితం విడివడ్డాయనీ శాస్త్రజ్ఞుల నిర్ణయం. (మా నవనాథ సిద్ధుల గుట్ట ఆ కుదురు కాదు. అది అంతకన్నా పాత శిల.) 2012లో మన దేశం భారతి అనే స్థావరం నెలకొల్పిన లార్స్‌మన్ కొండలు మంచు బయటికి వచ్చిన కొద్దిపాటి నేల. అక్కడి రాళ్ళలో గార్నెట్, సిల్లిమనైట్ కనిపిస్తాయి. విశాఖపట్టణం కొండల ఖోండలైటు లక్షణమూ అదే. కనబడని లోపలి నేల ఎటువంటిదో ఊహించడానికి విశాఖ రాయి ఒక ఆధారమన్నమాట.

ఖోండలైటు అన్న పేరు ఖోండుల నుండి వచ్చింది. ఆ జనుల కుయి, కువి భాషలూ, గోండీ, తెలుగూ ద్రావిడ భాషలలో ఒకే శాఖకు చెందినవని భద్రిరాజు కృష్ణమూర్తిగారు నిరూపించారు. అంటే తోబుట్టువులు.

నేను గోదావరికి ఆవల కొంతకాలం పనిచేశాను. పర్యాయపదాల పాఠంలో నీటికి మరో మాట చెప్పమంటే ఒక గోండు పిల్లవాడు లేచి “ఏర్” అన్నాడు. తరగతి ఘొల్లుమన్నది. అదే సమయానికి తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి, “ఇంటి మాటలు ఇంట్లో వదిలిరా” అన్నాడు. ఏరు మన తెలుగులోనూ ఉన్నదిగదా అని నేను నల్లబల్ల మీద రెండు మాటలూ పక్కపక్కన రాశాను. ఆయన తుడిపించాడు. పిల్లవాడు సంక్రాంతి సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. కబురు పంపాను, జవాబు లేదు. వాడి జాతి పేరు ఖండాలకు సరిపోయింది, వాడి మాటకు మాత్రం బల్ల మీద జానెడు చోటు చాలలేదు.

ఇప్పుడు మంచు కింది ఏర్ల గురించి చదివినప్పుడల్లా ఆ మాట వాడి గొంతుతోనే వినబడుతుంది. ఆదిలాబాదు, అరకు వైపు మిత్రులెవరైనా ఉంటే ఒక సాయం చేయండి. గోండీలో, కువిలో రాయిని ఏమంటారు, కొండను ఏమంటారు, వడగళ్ళను ఏమంటారు? పెద్దవాళ్ళనడిగి, వారు పలికినట్లే రాసి పంపండి. వ్యాకరణం సరిచేయకండి.