బ్యాటరీ కొనేముందు

ఈమధ్య వచ్చిన కార్లు తమ బాధ తామే చెప్పుకొంటున్నాయి. స్టీరింగు ఎదుటనున్న చిన్న తెరమీద, బ్యాటరీ తక్కువగా ఉన్నదని అక్షరాలతో వ్రాసి చూపిస్తాయి. అది చదవగానే మనలో చాలామంది బ్యాటరీ పాడైందనుకుంటారు. తక్కువ కావడం వేరు, పాడవడం వేరు. ఇంట్లో డబ్బు తక్కువైనప్పుడు రాబడి ఆగిందా, ఖర్చు పెరిగిందా, లేక హగ్గయి ప్రవక్త చెప్పినట్లు సంచే చినిగిందా అని చూస్తాము గదా. ఇక్కడా ఆ మూడే చూడాలి.

దేవుని కృపవలన మా సంఘానికి ఒక కారు ఉన్నది. కొని ఏడాదిన్నర అయింది. అయ్యగారు గ్రామాలు తిరిగేది దానిమీదే. మా సంఘంలో ఒక తల్లిని మంగళ, శుక్రవారాలు డయాలసిస్‌కు టౌనుకు తీసుకువెళ్ళేదీ అదే. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. ఆ వేళ మా ఊరికి బస్సు లేదు, ఆటో దొరకదు. ఒక మంగళవారం హెచ్చరిక కనిపించింది. శుక్రవారం మళ్ళీ కనిపించడమే గాక, బండి మూలుగుతూ స్టార్టయింది. టౌనులో ఒక మెకానిక్ పైపైన చూచి కొత్త బ్యాటరీ వెయ్యాలి, ఆరేడు వేలవుతుంది అన్నాడు. కోతకాలపు కానుకలు ఇంకా రాలేదు. అయినా కమిటీలో కొందరు అప్పుచేసైనా వేయిద్దామన్నారు. ఒక ప్రాణంతో పని గనుక వారి తొందర న్యాయమైనదే. నేను బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. సోమవారం వరకు గడువు అడిగాను.

శనివారం ఉదయం, రాత్రంతా కదలని బండికి మల్టీమీటరు పెట్టాను. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగమే. మాది 12.1 చూపింది. ఇంజను నడుస్తుండగా 14.2 వచ్చింది. అంటే ఆల్టర్నేటరు బాగానే ఉంది, రాబడికి లోటు లేదు. (కొత్త కార్లలో ఇంధనం ఆదాకోసం కంప్యూటరే ఒక్కోసారి చార్జింగు తగ్గిస్తుంది. మీ బండిలో అంకె తక్కువ కనిపిస్తే హెడ్‌లైట్లు వేసి మరల చూడండి.) తరువాత చార్జరుతో నింపి, నెగెటివ్ వైరు విప్పి రాత్రి అలాగే ఉంచాను. ఆదివారం ఆరాధనకు వెళ్ళేముందు చూస్తే 12.6 చెక్కు చెదరలేదు. వైరు బిగించి స్టార్టు చేస్తే, ఆ క్షణాన కూడా 10 వోల్టులకు దిగలేదు. సంచి చినగలేదు.

ఇక మిగిలింది ఖర్చు. సోమవారం మల్టీమీటరును ఆంపియర్లకు మార్చి, నెగెటివ్ కొనకూ వైరుకూ నడుమ కలిపాను. ఇలా కలిపి ఉన్నప్పుడు పొరపాటున కూడా ఇంజను స్టార్టు చేయకూడదు, మీటరు కాలిపోతుంది. తలుపులు మూసి, తాళంచెవి ఇంట్లో దూరంగా పెట్టి, ముప్పావుగంట అరుగుమీద కూర్చున్నాను. ఈ ఓపిక లేకనే చాలామంది తప్పు లెక్క చూస్తారు. బండి ఆపినా అందులోని కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు, ఒకదాని తరువాత ఒకటి సద్దుమణుగుతాయి. అన్నీ నిద్రపోయాక మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లకు లోపే ఉండాలి. మాది 310 దగ్గర ఆగిపోయింది. రోజుకు ఏడు ఆంపియర్ అవర్లకు పైనే అన్నమాట. బ్యాటరీ మొత్తం 45. వారం రోజులు ఊరకే నిలబెడితే చాలు, ఖాళీ.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే, ఒకటి తియ్యగానే 30కి పడింది. ఆ వైరు వెంట పోయి చూస్తే, అద్దానికి పెట్టించిన చిన్న కెమేరా! దాన్ని అమర్చిన షాపువారు ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపారు. రాత్రింబగళ్ళు అది మేలుకొని మా ఖాళీ వాకిలిని చూస్తూ ఉందన్నమాట. తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజుకు దానిని మార్పించాము. మంగళవారం నాలుగింటికి బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది.

అన్ని బండ్లలో కెమేరాయే దొంగ కాకపోవచ్చు. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి, స్టార్టు చేయడానికి ఖర్చయినది తిరిగి నిండేందుకు వ్యవధి చాలదు. ఇంజను ఆపి, కుటుంబ ప్రార్థన అయ్యేవరకు పాటలు పెట్టుకొని కూర్చున్నా ఇదే గతి. బండి నడుస్తుండగా ఎర్రని బ్యాటరీ గుర్తు వెలిగితే మాత్రం అది వేరే సంగతి. చార్జింగు ఆగిపోయిందని, బహుశా బెల్టు తెగిందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయకూడదు. చాలా కొత్త కార్లలో నెగెటివ్ కొనకు కరెంటు లెక్కచూచే ఒక చిన్న పరికరం ఉంటుంది. ఇంటి దగ్గర చార్జరు పెట్టేటప్పుడు నల్ల క్లిప్పును ఆ కొనకు కాక, ఇంజను దగ్గర బండి ఇనుముకు తగిలించాలి. లేకపోతే మీరు నింపినది దాని లెక్కకు రాదు.

పోయిన నెల అమ్మగారు ఫోనుచేసి, “అన్నయ్యగారూ, మళ్ళీ వచ్చిందండీ!” అన్నారు. తెరమీది మాటలు అక్షరం అక్షరం చదవమన్నాను. ఈసారి తక్కువైనది కారు బ్యాటరీ కాదు, తాళంచెవిలో ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ. సీఆర్2032 అని దానిమీదే వ్రాసి ఉంది. మా బజారులో గడియారాలు బాగుచేసే అతని దగ్గరే దొరికింది.