ఖాళీ బిందెలో హోరు

ఆదివారం పొద్దున పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడితే, బెంగళూరు వైపు నుంచి ఒక్కోసారి స్పోర్ట్స్ కారు వస్తుంది. కారు కనిపించకముందే గొంతు వినిపిస్తుంది. ఆ మోత నాకిష్టం. కానీ లోపల కూర్చున్నవాళ్ల సంగతి వేరు.

ఒకసారి స్నేహితుడి కూపేలో అనంతపురం నుంచి బయల్దేరాను. సైలెన్సర్ మార్పించాడు. ముల్లు 2,400 ఆర్‌పీఎం దగ్గర నిలవగానే హోరు మొదలైంది. చెవిలో కంటే గుండెలోనే ఎక్కువగా తెలిసింది. డోరు అరలో పెట్టిన సీసాలో నీళ్లు సన్నగా వణికాయి.

లెక్క చిన్నదే. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కో చుట్టుకు రెండుసార్లు మండుతుంది. నిమిషానికి 2,400 చుట్లంటే సెకనుకు 80 దెబ్బలు. రెండు మీటర్ల పొడవున్న మూసిన క్యాబిన్ సహజ స్వరమూ దాదాపు అంతే. రెండూ కలిస్తే చిన్న మోత కూడా హోరవుతుంది. ఇది మా కరువు సీమకు కొత్త కాదు. ఖాళీ బిందెలోకి మాట్లాడితే గొంతు గుమ్మంటుంది కదా!

కప్పు తీసిన కన్వర్టిబుల్‌లో ఆ హోరు నిలవదు, విడిపోతుంది. బదులుగా గాలి రొద వస్తుంది. చిన్నప్పుడు మామయ్య ఓపెన్ జీపులో తిరిగిన రోజుల్లో పక్కవాళ్ల మాట వినిపించేది కాదు. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద ఎర్రమట్టి పేరుకునేది. అయినా అలసట అనిపించేది కాదు. గాలికి వంద స్వరాలు, హోరుకు ఒక్కటే. ఆ ఒక్కటే మనిషిని పిండేస్తుంది.

కారు కొనేముందు షోరూం చుట్టూ తిప్పి సరిపెట్టుకోకండి. అద్దాలన్నీ మూసి, హైవే మీద ఒకే వేగంతో అరగంట నడపండి. అప్పుడు మీ చెవి చెప్పిందే నమ్మండి.